మైకులో దొరికిన బాపు

"విద్యాదానాన్ని మించిన దానం ఈ భూమండలం మీద లేదు! చదువు ఆగిన ఏ పేదబిడ్డ కన్నీటిబొట్టు రాలినా అది నా గుండె మీదనే రాలుతుంది! సభాముఖంగా ప్రకటిస్తున్నాను. నేటి నుంచి ఈ స్వరూప నా కన్నకూతురు! ఈమెను నేను దత్తత తీసుకుంటున్నాను!"

మైకు కీచుమంది. మంచిర్యాల సభామందిరం చప్పట్లతో దద్దరిల్లింది. మధుసూదన్‌రావు దొర మెడలో ఎన్ని దండలు పడ్డాయంటే, ఆయన ముక్కు తప్ప మరేమీ కనిపించలేదు. దొరకు చొప్పదండి పక్కన భూములు, మంచిర్యాలలో కలప వ్యాపారం, ఏటా శనివారం చూసుకుని స్కాలర్‌షిప్పుల పేరుతో ఇలాంటి సభ ఒకటి. స్వరూపకు ఒక కవరిచ్చారు. అందులో చేతులు జోడించిన దొర ఫోటో ఉంది. స్కాలర్‌షిప్పు సంగతి అడిగితే "తర్వాత చూద్దాం" అన్నాడు కార్యదర్శి.

వెనక వరసలో కూర్చున్న సమ్మవ్వకు మాత్రం చప్పట్లు కొట్టడానికి చేతులు రాలేదు. స్వరూప ఆమెకు ఒక్కగానొక్క బిడ్డ. పదో తరగతి ఫస్టుక్లాసులో పాసైంది. కరీంనగర్‌లో ఇంటర్ సీటొచ్చింది. సోమవారం లోపల ఫీజూ హాస్టలు ఖర్చూ కట్టకపోతే ఆ సీటు మరొకరిది. పెనిమిటి రాయమల్లు బొగ్గుబాయిలో బదిలీ కూలీ, ఎవరైనా నాగా పెడితేనే ఆయనకు పని. ఆదుకునే దొర దొరికాడని ఎగిరి గంతేద్దామంటే, మధ్యలో ఈ దత్తత ఒకటి!

"అన్నా, దత్తతంటె ఏంది?" అని పక్కింటి హనుమండ్లును అడిగింది. కాలనీలో రోజూ పేపరు చదివేది ఆయనొక్కడే. అందుచేత ఆయనకు తెలియని విషయం లేదు.

"సాదుకునుడు, చెల్లె! ఇగ పొల్ల నీది గాదు. ఇంటిపేరు మారుతది, అవ్వ మారుతది, బాపు మారుతడు. గంతమంది ముందట మైకుల జెప్పిండు. మైకుల జెప్పినంక తిరుగుడుంటదా?"

సమ్మవ్వ ఇంటికొచ్చి పొయ్యి ముందు కూలబడి ఏడ్చింది. రాయమల్లు ఓదార్చాడు.

"ఎందుకేడుస్తవే? కులం సూడలే, గోత్రం సూడలే. మన ఇంట్ల పొల్లను గా బంగ్లల బిడ్డను జేసుకుంటుండు. గసొంటి దొర యాడన్న ఉన్నడా?"

లేడు. ఆ మాట మాత్రం అక్షరాలా నిజం.

బిడ్డ తన దగ్గర లేకున్నా సరే, చదువుకుంటే చాలని సమ్మవ్వ గుండె రాయి చేసుకుంది. ఇచ్చేదేదో మర్యాదగా ఇవ్వాలి కదా! తెల్లారి ఆదివారం స్వరూపకు తలంటి, ఉన్నవాటిలో మంచి లంగా ఓణీ కట్టించి, రేకుపెట్టె సర్దింది. దొరసానికని చీర, పసుపు, కుంకుమ, కొబ్బరికాయ పళ్లెంలో పెట్టింది. ముందు డప్పులు, వెనక కాలనీ ఆడవాళ్లు. ఊరంతా చూస్తుండగా ఆ అప్పగింతల ఊరేగింపు దొర బంగళా చేరుకుంది.

డప్పులు వినగానే దొర పరవశించిపోయాడు. సన్మానం ఇంటికే నడిచి వచ్చింది! పట్టుకండువా సర్దుకుని, చేతులు జోడించి, వాకిట్లోకి వచ్చి, దండ కోసం మెడ కూడా కాస్త వంచాడు.

"బిడ్డా, మీ బాపు కాళ్లు మొక్కు" అంది సమ్మవ్వ.

స్వరూప మొక్కింది. సమ్మవ్వ బిడ్డ చేతిని సరళాదేవి దొరసాని చేతిలో పెట్టింది. "ఇగ నీ బిడ్డ, దొరసానీ! కాకరకాయ తినది, బలిమి జెయ్యకు. ఉరిమితె బయపడ్తది, జర పక్కల పండవెట్టుకో. తలల పేన్లు లెవ్వు, నేనే దువ్విన" అంటూ బోరుమంది. స్వరూప కూడా వెక్కివెక్కి ఏడుస్తూనే, రేకుపెట్టెను కాలితో గడప లోపలికి నెట్టింది.

దొర వంచిన మెడ వంచినట్టే ఉండిపోయింది. "బాపేంది? ఎవలకు బాపు?"

"నువ్వే గద దొరా! నిన్న మైకుల జెప్పినవు!"

కొడుకు ఉపేందర్‌రావు మేడమెట్లు దూకుకుంటూ వచ్చాడు. "బాపూ! భూమిల గీమెకు గూడ వాటానా?"

దొర బావమరిది కరుణాకర్‌రావు వకీలు. ఇంతవరకు ఒక్క కేసూ గెలవలేదు గనక ఆయనకు ప్రతిదీ భయమే. "బావా, పరేషానైతది! తీసుకుంటున్ననని సభల నువ్వే అన్నవు. ఇప్పుడు కన్నతల్లే తెచ్చి ఇస్తుంది. పొల్ల కడప దాటిందంటె ఖతం!"

అందరూ కిందికి చూశారు. పెట్టె ఎప్పుడో దాటింది. స్వరూప కుడికాలు గాలిలో ఉంది.

"ఆగు!" దొర కేకకు డప్పులు కూడా ఆగిపోయాయి. "దత్తతంటె దత్తత గాదు! మాటవరుసకన్న!"

సమ్మవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుని అమాయకంగా అడిగింది. "మాటవరుసకా? మరి ఫీజు గూడ మాటవరుసకేనా, దొరా? రేపు కట్టకుంటె సీటు పోతది. సదువు లేకుంట నా బిడ్డ బతుకేంగావాలె? బిడ్డనన్న ఉంచుకో, ఫీజన్న కట్టు!"

"కడ్త! ఫీజు కడ్త, హాస్టలు కడ్త, పుస్తకాలు కొనిస్త! గా కాలు జర ఎనుకకు పెట్టుమను తల్లీ!"

కరుణాకర్‌రావు లోపలికి ఉరికి, పైసలు తెచ్చి రాయమల్లు చేతిలో పెట్టాడు. అప్పుడుగానీ స్వరూప కాలు వెనక్కి తీసి పెట్టె బయటికి లాగలేదు. పదిమందిలో ఒప్పుకున్నదాన్ని పదిమందిలోనే కాదనాలని వకీలు సలహా చెప్పాడు. దొర గొంతు సవరించుకుని, "ఈ పొల్లకు నేను బాపును గాను! నాకేం సంబంధం లేదు!" అని ప్రకటించాడు. సమ్మవ్వ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. బిడ్డను వాటేసుకుని ముద్దుల మీద ముద్దులు పెట్టింది. "నా బిడ్డ నాకు దక్కె! సదువూ దక్కె! నువ్వు సల్లగుండాలె దొరా!"

డప్పులు రెట్టింపు జోరుతో వెనక్కి మళ్లాయి. దొర చెమట తుడుచుకుని లోపలికి తిరిగాడో లేదో, గేటు ముందు రిక్షాలు ఆగాయి. ఊరేగింపు ఎందుకన్న సంగతి ఊరంతా పాకిపోయింది మరి! నిరుడు సభలో దొర దత్తత తీసుకున్న సిద్దిరాములు దిగాడు. ఫీజు అందక కాలేజీ మానేసి సైకిలు షాపులో పనికి కుదిరినవాడు, చేతులకు ఇంకా గ్రీజు ఉంది. ముందటేడు దత్తతైన కొమురవ్వ దిగింది. చదువు ఆగాక పెళ్లయింది, ఇప్పుడు చంకలోని పిల్లవాడికి దొరను చూపించి "తాత, తాత" అని నేర్పుతోంది. వాళ్ల వెనక అంతకుముందటేళ్ల వాళ్లు. అందరి చేతుల్లోనూ పెట్టెలే.

"బాపూ!" అన్నారు ఒక్క గొంతుతో.

దొర గోడకు చేరగిలపడ్డాడు. సరళాదేవి ఆయన్ని ఓసారి, వాళ్లనోసారి చూసి, కొంగు నడుముకు దోపుకుని వంటింటి వైపు కేకేసింది.

"బుచ్చవ్వా! ఇంకింత బియ్యం కడుగు! మా పిల్లలొచ్చిండ్రు!"