ఒక పాట, రెండు ఇన్‌స్టలేషన్లు

సాయంత్రం బృందగానం సాధన ఉంది. ఆలోగా కొత్త పాటను అయిదు గీతల స్వరలిపిలో అచ్చు తీసి పిల్లలకు పంచాలని సంగీతం టీచరు పొద్దున్నే అనుకుంది. దానికి కంప్యూటర్‌లో ఒక ప్రోగ్రాం వేసుకోవాలి. అంతే పని. కంప్యూటర్లు తెలిసినవాళ్లు ఇంట్లో ఇద్దరుండటమే ఆమె దురదృష్టం.

"మన కంప్యూటర్‌లో ఉన్నది లినక్స్ కదా, ఒక్క లైను కొడితే ప్యాకేజీ దానంతటదే దిగుతుంది," అన్నాడు సర్వర్లు చూసుకునే భర్త. కొట్టాడు. దిగింది కూడా. ఆమె కుర్చీ లాక్కునేలోపే లినక్స్‌కు పోటీగా బీఎస్‌డీ అనే సిస్టమ్ వాడే మరిది తల దూర్చాడు.

"ఇది ఎప్పటిదో పాత వెర్షన్ వదినా! మా బీఎస్‌డీలో అయితే సోర్సు కోడ్ తెచ్చుకుని, మన మెషీన్‌కు తగ్గట్టు ఇక్కడే కంపైల్ చేసి ప్రోగ్రాం తయారు చేసుకుంటాం."

"నాకు పాతదైనా ఫర్వాలేదు బాబూ."

"మీరలా సర్దుకుపోబట్టే అన్నయ్య ఇలా తయారయ్యాడు."

కంపైలింగ్ మొదలైంది. కంప్యూటర్ ఫ్యాను గుక్కపట్టి ఏడ్చింది. ఆమె వంట చేసింది, గిన్నెలు కడిగింది, బట్టలు ఆరేసింది. చివరికి ప్రోగ్రాం తయారైంది గానీ తెరుచుకోలేదు.

"ప్రోగ్రాం నడవడానికి వాడుకునే ఫైళ్లలో వీడి లైబ్రరీ వచ్చి నా లైబ్రరీ మీద కూర్చుంది," అన్నాడు భర్త.

"మూడో పద్ధతేమీ లేదా?" అని ఆమె అడిగింది.

"ఉంది. కావలసినవన్నీ కలిపి ఒకే మూటగా వస్తుంది," అన్నాడు భర్త మూతి విరుస్తూ.

"ఛీ, ఒక్క పాటకు ఇంటెడు మూటా?" అన్నాడు మరిది. ఆ ఒక్క విషయంలో అన్నదమ్ములిద్దరిదీ ఒకటే మాట.

భర్త తమ్ముడు వేసిన లైబ్రరీని పీకేయబోయాడు. 'దీంతోపాటు ఇవి కూడా తీసేయాలా?' అని మెషీన్ బారెడు జాబితా చూపించింది. చదవకుండానే అవునని కొట్టాడు. తెర నల్లబడింది.

"డెస్క్‌టాప్ మొత్తం దాన్నే పట్టుకుని వేలాడుతోందనే కదన్నయ్యా అది అడిగింది!"

"అది ఎప్పుడూ ఏదో ఒకటి అడుగుతూనే ఉంటుంది."

ఇప్పుడు మళ్లీ మొదటినుంచీ లినక్స్ వేయాలా, బీఎస్‌డీ వేయాలా అని ఇద్దరూ కలబడ్డారు. ఆమె పళ్లు నూరుకుంటూ స్కేలు, నల్లసిరా పెన్ను తీసుకుని భోజనాల బల్ల దగ్గర కూర్చుంది. గీతలు గీసి, స్వరాలన్నీ చేత్తోనే రాసి, వీధి చివర జిరాక్సు తీయించి బడికి పరుగెత్తింది.

సాధన దగ్గర హెడ్మాస్టరు ఒక కాగితం అందుకుని కళ్లజోడు సవరించుకున్నారు.

"ఎంత పొందిగ్గా ఉందమ్మా! ఏ సాఫ్ట్‌వేరు? మన బడి కంప్యూటర్లన్నిట్లో వేయించాలి. వేసేవాళ్లెవరైనా తెలుసా?"

నోటిదాకా వచ్చిన నిజాన్ని ఆమె మింగేసింది.

"మా ఇంట్లోనే ఇద్దరున్నారండీ. రేపే పంపిస్తాను. పనయ్యేదాకా మీ దగ్గరే ఉంచుకోండి."