పేగు మెలిక మాహాత్మ్యం

మనిషన్నవాడికి జీవితంలో ఒక్కసారైనా పేగు మెలిపడాలి! ఈ మాట దేవుడి గదిలో దీపం పెట్టి వచ్చి మరీ రాస్తున్నాను. ఇరవై ఏళ్ళ భజనలో రాని జ్ఞానం నాకు చిన్నపేగు వల్ల వచ్చింది.

మాది రామన్నపేటలో చీరల దుకాణం. మా నాయిన మగ్గం గుంటలో కాళ్ళాడిస్తూ చీరలు నేశాడు, సన్నగా ఉండేవాడు. నేను పరుపు మీద కూర్చుని చీరలు అమ్మాను, నూట ఇరవై ఆరు కిలోలయ్యాను. రెండేళ్ళ కిందట హైదరాబాదు పోయి బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నాను. కడుపును చిన్న సంచిలా చేసి, పేగును కోసి కొత్త దారిలో కలిపారు. ఊళ్ళో మాత్రం నల్గొండలో కూతురింట్లో ఉన్నానని చెప్పించాను.

దీనివల్ల ఎన్ని లాభాలో చూడండి! ఇదివరకు ప్రసాదం లడ్డూలు మూడు తినేవాణ్ణి. ఇప్పుడు ఒక్కటి పూర్తిగా తింటే పావుగంటలో గుండె దడ, చెమటలు, ఆపైన పరుగు. ఇంతటి ఇంద్రియ నిగ్రహం ఏ స్వామీజీ నేర్పగలడు? లోకజ్ఞానం కూడా పెరిగింది. మోత్కూర్ నుంచి నార్కట్‌పల్లి దాకా ఏ పెట్రోల్ బంకు బాత్రూంకు గొళ్ళెం ఉందో, ఎక్కడ మగ్గు లేదో నన్నడగండి. ఇక కొన్ని రోజులు, ఆపరేషన్ తర్వాత రోజూ మింగాల్సిన ఐరన్ గోలీల పుణ్యమా అని అసలు కదలికే ఉండదు. ఆ రోజుల్లో బాత్రూంలోనే ఎంత ధ్యానం!

అన్నిటికన్నా పెద్ద లాభం కీర్తి. ఏడాదిలో నలభై ఎనిమిది కిలోలు తగ్గాను. ఎట్లా తగ్గావని భజన మండలిలో అడిగారు. పేగు కోయించుకున్నానంటే నవ్వరా? “అంతా నర్సింహస్వామి దయ. శనివారం, ఏకాదశి ఉపవాసాలు” అన్నాను. ఇందులో అబద్ధమేముంది? స్వామి దయ లేనిదే సర్జన్ చెయ్యి కదులుతుందా? శనివారాలు నేను నిజంగానే తినలేదు. మిగతా వారాలు కూడా తినలేకపోయానన్నది మాత్రం ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు.

మండలి వాళ్ళు నాకు శాలువా కప్పారు. ఉపవాస మహిమ మీద అరగంట మాట్లాడాను. చివరికొచ్చేసరికి నాకే నమ్మకం కుదిరింది!

మొన్న శ్రావణ శనివారం భజనలో తాళం వేస్తుంటే, బొడ్డు పక్కన ఎవరో తడిబట్ట పిండుతున్నట్టు నొప్పి. తగ్గింది, మళ్ళీ వచ్చింది. ఆ వెంటనే వాంతి. మండలి వాళ్ళు ఆరుగురు నన్ను మా వీధి ఆరెంపీ డాక్టర్ విజేందర్ దగ్గరికి మోసుకుపోయారు. అందరికన్నా ముందు గుర్వయ్య. వరసకు నా బామ్మర్ది, షుగర్ మనిషి. నా ఉపన్యాసం విన్న నాటి నుంచి ఒక్క ఉపవాసం తప్పలేదు.

“కాకా, ఇంతకుముందు కడుపుకు ఏమన్న ఆపరేషన్ అయిందా?” అన్నాడు విజేందర్.

మీరే చెప్పండి. ఆరుగురు చూస్తున్నారు. ప్రాణమా, పరువా?

“లే” అన్నాను.

“ఉత్త ఉపాసాలే!” అన్నాడు గుర్వయ్య గర్వంగా.

“మరి గీ మచ్చలేంది?” విజేందర్ నా చొక్కా పైకెత్తాడు.

“సెగగడ్డలు” అన్నాను.

గ్యాసేనని సూది వేశాడు. నిమ్మకాయ సోడా తాగించారు. అదీ వాంతయింది. అట్లా రెండు గంటలు గడిచాక కబురందుకుని మా ఆవిడ స్వర్ణలత వచ్చింది. చెప్పొద్దని కన్ను గీటాను. ఆమె నన్ను చూసింది, ఆ ఆరుగురినీ చూసింది.

“ఉపాసం లేదు, గిపాసం లేదు! రెండేండ్ల కింద పేగు కోసి కుట్టిన్రు. గిట్ల నొప్పి లేచి వాంతులైతే ఎన్నేండ్లకైనా సరే, ఆగకుండ ఉరికి రమ్మని డాక్టరు చిలక్కు చెప్పినట్టు చెప్పిండు. బండి తీయున్రి!”

“గది ముందుగాల చెప్పొద్దా కాకా!” అంటూ విజేందర్ బండి కోసం వీధిలోకి ఉరికాడు.

హైదరాబాదులో స్కానింగ్ చూసి సర్జన్ వివరించాడు. ఒళ్ళు తగ్గినప్పుడు లోపలి కొవ్వు కూడా కరిగి, పేగులు కలిపిన చోట సందులు పడతాయట. అందులోకి పేగు దూరి మెలిపడితే రక్తం అందదు, పేగు చచ్చిపోతుంది. నాది జానెడు అప్పటికే నల్లబడింది. కోసి తీసేశారు. “ఇంతసేపు ఎందుకాగినవు పెద్దాయనా?” అన్నాడు.

ఇంటికొచ్చాక రామన్నపేట నన్ను చూసి నవ్వింది. సరిగ్గా రెండు రోజులు. మూడో రోజు ఎవరి ట్రాక్టరో కాలువలో పడింది, అందరూ అటు పోయారు. ఈ రెండు రోజుల నవ్వుకు భయపడే నేను ఇన్నాళ్ళు దేవుణ్ణి అడ్డం పెట్టుకున్నాను!

గుర్వయ్య మాత్రం నవ్వలేదు. వారం తర్వాత వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. మనిషి వాడిపోయి ఉన్నాడు.

“బావా, ఉపాసం నాడు షుగర్ గోలీ మింగి కడుపు మాడ్చుకున్న. రెండుసార్లు కండ్లు తిరిగి పడ్డ. నువ్వేమో తగ్గుతున్నవు, నాకేమో గిట్ల అయితాంది. నా భక్తిల్నే ఏదో కొరత ఉన్నదని ఏడ్చిన.”

చచ్చిన పేగును కోసి తీసేశారు గానీ, నేను చెప్పిన ఈ అబద్ధాన్ని ఏ సర్జన్ తీస్తాడు?

“నీ భక్తికేం తక్కువ లేదు గుర్వయ్యా, నా మాటకే తక్కువైంది” అన్నాను, కుట్లు పట్టుకుని లేస్తూ. “పా, దవాఖానకు పోదాం. డాక్టరుకు అంతా నేనే చెప్తా.”

గుర్వయ్య కంగారుగా లేచాడు.

“నువ్వేం చెప్పకు బావా, నీకు దండం పెడ్త! జర అక్కను పిలువు.”