గార్డీకి తెలియని గార్డీ జబ్బు

గురువారం పొద్దున వెర్లిన్ టేవ్స్ వేసుకున్న పథకం చిన్నదే. బ్రాండన్ పట్నం వెళ్లి మూత్రవ్యాధుల డాక్టరమ్మకు చూపించుకుని, మధ్యాహ్న భోజనానికల్లా ఇల్లు చేరాలి. అరవై నాలుగేళ్ల ఆ మనిషికి ఏడాదిగా గంటకోసారి బాత్రూముకు పరుగు తప్పడం లేదు. వెళ్లినా ధార రాదు, చుక్కలే. క్యాన్సరేమోనని భయం ఒకవైపు, భార్యకు చెప్పాలంటే సిగ్గు మరోవైపు.

"మైనస్ ముప్ఫై చలిలో బ్రాండన్ ఏంటయ్యా?" కాఫీ పోస్తూ భార్య మార్లిస్ అడిగింది.

"గార్డీకి ప్రోస్టేట్ గ్రంథి బాగాలేదట. ఒక్కడే పోవడానికి భయపడుతున్నాడు. ఎవరికీ చెప్పకు." నలభై ఏళ్లుగా కలిసి మంచు మీద రాళ్లు జార్చే కర్లింగ్ ఆట ఆడుతున్న స్నేహితుడి పేరే ముందుగా నోటికొచ్చింది.

మార్లిస్ ఎవరికీ చెప్పలేదు. గార్డీ భార్య ఎల్డాకు ఎలాగూ తెలిసే ఉంటుంది కదా అని, ధైర్యం చెప్పడానికి ఆమెకు మాత్రం ఫోన్ చేసింది. ఆట ఆడే రింకులో మంచు చదును చేసి వస్తానని వెళ్లిన మొగుడు బ్రాండన్‌లో డాక్టరు దగ్గర ఉన్నాడని విని ఎల్డా గొల్లుమంది. వెంటనే పాస్టరుకు ఫోన్ చేసింది. పాస్టరు ప్రార్థన చేయమని అందరికీ కబురు పెట్టాడు.

పదకొండింటికి గార్డీ రింకు నుంచి ఇంటికొచ్చేసరికి బల్ల మీద ఇరుగుపొరుగు వండి తెచ్చిన నాలుగు క్యాసరోల్ గిన్నెలు, సోఫాలో పాస్టరు.

"నాకేం రోగం లేదు!" అని అరిచాడు.

"పాపం, ఇంకా ఒప్పుకోలేకపోతున్నాడు," అంది పక్కింటావిడ.

వెర్లిన్ తిరిగొచ్చేసరికి గార్డీ, ఎల్డా అతని వంటింట్లోనే కూర్చుని ఉన్నారు.

"ఒరేయ్! నాకు జబ్బని ఊరందరికీ తెలుసు, నాకు తప్ప!" అని లేచాడు గార్డీ.

వెర్లిన్ "ఒక్క నిమిషం" అని బాత్రూముకు పరిగెత్తాడు. వచ్చి సంజాయిషీ మొదలుపెట్టి మళ్లీ పరిగెత్తాడు. మూడోసారికి మార్లిస్ చేతిలో కప్పు కింద పెట్టింది.

"జబ్బు నీకా?"

"క్యాన్సర్ కాదట మార్లిస్. వయసుకి గ్రంథి లావెక్కి దారి నొక్కేస్తోందట. మాత్రలిచ్చింది."

"ఏడాదిపాటు ఒక్కడివే భయపడ్డావా, పిచ్చిమొహమా?" ఆమె కళ్లు నిండాయి.

గార్డీ కోటు అందుకున్నాడు. ఎల్డా లాగి కూర్చోబెట్టింది. "సోమవారానికి నీ పేరూ రాయించేశాను."

"నాకేం లేదంటుంటే!"

"ఆ మాట డాక్టరమ్మ చెప్పాలి."

డాక్టరమ్మ ఆ మాట చెప్పలేదు. రక్తపరీక్షలో అంకె ఎక్కువుంది. కొంచెం కండ తీసి చూస్తే క్యాన్సర్ బయటపడింది. చిన్నది, గ్రంథి దాటలేదు. "ఇబ్బంది మొదలయ్యేదాకా ఆగుంటే కష్టమయ్యేది. ఇప్పుడైతే నయమవుతుంది," అంది.

ఆపరేషన్ ముందురోజు చూడ్డానికొచ్చిన వెర్లిన్‌ని గార్డీ పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"నిన్ను తన్నాలో, దండం పెట్టాలో తెలీట్లేదురా."

"ముందు బతుకు. తర్వాత తన్నుదువుగాని," అన్నాడు వెర్లిన్.

బతికాడు. మంచు కరిగేనాటికి అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ తన రోగం గురించి చెప్పడం మొదలుపెట్టాడు. విని విని, ఊళ్లో ఎనిమిది మంది మగవాళ్లు చర్చి వ్యానులో పరీక్షలకు బయల్దేరారు.

నలభై నిమిషాల దారిలో వ్యాను ఆరు చోట్ల ఆగింది.