మూడో కేకా, ముసలమ్మ పెళ్లీ

“ఈ చలికాలం ఏటి నీళ్లు మీ గడప దాటి లోపలికొస్తే, ఆ నీళ్లన్నీ నేను తాగేస్తాను.”

ఈ మాట అన్నది ఎలుగుబంటి భల్లూకరాయుడు. ఎన్నికల ముందు పల్లపుగట్టు బొరియల మధ్య నిలబడి, గుండె మీద పంజా వేసుకుని మరీ అన్నాడు. గెలిచాడు, అడవి సభకు అధ్యక్షుడయ్యాడు. పుష్యం వెళ్లకుండానే నీళ్లు గడప దాటాయి. ఆయన ఒక్క గుటక వెయ్యలేదు.

ఇది ఎక్కడ జరిగిందో పేరు పెట్టి చెబితే కొందరికి కోపాలొస్తాయి. కాబట్టి ఎక్కడో ఓ పేద్ద అడవిలో అనుకోండి. అడవి నడుమ ఏరు. ఏటికి ఇవతల పల్లపుగట్టు. కుందేళ్లు, ముళ్లపందులు, పందికొక్కులు అక్కడ బొరియలు తవ్వుకుని బతుకుతాయి. వాటి వెనక కాస్త ఎత్తున సభామిట్ట. సభ్యుల కాపురాలు అక్కడే, ఇప్పపూలు దాచే పెద్ద గుమ్మి అక్కడే. ఏటికి అవతల కొండ. ఎంత వరదొచ్చినా కొండ మునగదు.

ఆ అడవిలో ఒక పాత కట్టుబాటు ఉంది. ఏటి ఒడ్డున నల్లమద్ది మాను మీద లక్కతో మూడు ఎర్ర గీతలుంటాయి. నీళ్లు ఒక్కో గీత తాకినప్పుడల్లా తీతువు పిట్ట ఒక్కో కేక వెయ్యాలి. మూడో కేక పడిందంటే తాబేళ్లన్నీ డిప్పకు డిప్ప ఆనించి బల్లకట్టులా నిలబడి, పల్లపువాళ్లను కొండకు చేర్చాలి. సభ గుమ్మి తలుపు తెరిచి, నీళ్లు తీసేదాకా అందరికీ ఇప్పపూలు పెట్టాలి.

చిక్కంతా ఇక్కడే వచ్చింది. భల్లూకరాయుడికి ఇప్పపూలంటే ప్రాణం.

పల్లపుగట్టులో ఒక పడుచు ముళ్లపంది ఉండేది. తల్లి లేని పిల్ల, అమ్మమ్మ నూకాలమ్మ పెంచింది. అమ్మమ్మ పెట్టిన పేరు సన్నెమ్మ. తనకు తాను పెట్టుకున్న పేరు జ్వాల. అడవి అంచున మనుషులు మీటింగులు పెట్టుకుని పారేసిపోయిన కరపత్రాలన్నీ ఏరుకొచ్చి చదివి కంఠతా పట్టింది. కోపమొస్తే ఆమె ముళ్లు నిక్కబొడుచుకునేవి. కోపం రాని పూటంటూ లేదు. అందుకని ఆమె ఊరేగింపు తీస్తే జనం వచ్చేవాళ్లు గానీ, బాగా ఎడంగా నడిచేవాళ్లు. చూసేవాళ్లకు అది ముందొకటి, వెనకొకటి, రెండు ఊరేగింపుల్లా ఉండేది.

మార్గశిరమంతా వాన. పుష్యం వచ్చింది, వాన పోలేదు. చలీ, ముసురూ, ఏరూ కూడబలుక్కుని బొరియల్లోకి కాపురానికి దిగాయి. నూకాలమ్మ ఇంట్లో నీళ్లు ముసలామె మోకాళ్లకొచ్చాయి. ఆమెకు ఈదే వయసు ఎప్పుడో దాటిపోయింది.

జ్వాల మద్ది మాను దగ్గరికి పరుగెత్తింది. మూడో గీత ఈపాటికి తడిసే ఉండాలి. తీరా చూస్తే గీత చిటారుకొమ్మ పక్కన ఉంది. సభ ఇంజనీరు కొక్కిరాయి గారు, అంటే కొంగ గారు, ముక్కుతో లక్క పూస్తున్నారు.

“ఏం చేస్తున్నారు సార్?”

“దిద్దుబాటమ్మా. పాత గీతలు మన తాతలు వేసినవి. వాళ్లకు భయం ఎక్కువ. కొత్త లెక్క ప్రకారం ఏరు ఇంకా మొదటి గీత కిందే పారుతోంది.”

“మా అమ్మమ్మకు మోకాళ్ల దాకా వచ్చాయండి నీళ్లు.”

“మీ అమ్మమ్మగారు పొట్టి. అది మా శాఖ కిందికి రాదు.” కొక్కిరాయి గారు కొమ్మ దిగి నీళ్లలో ఒంటికాలి మీద నిలబడ్డారు. “ఇదిగో, నన్ను చూడు. రెండో కాలు పూర్తిగా పొడిగా ఉంది. సగటున అడవి తడవనట్టే లెక్క.”

పైన కొమ్మ మీద రాజ్యం అనే తీతువు గొంతు సవరించుకుని, ఏరు ప్రశాంతంగా ఉందనీ, పుకార్లు నమ్మొద్దనీ చాటింది.

జ్వాల సభామిట్టకు ఊరేగింపు తీసింది. “తవ్వేవాడిదే బొరియ”, “మూడో కేక మా జన్మహక్కు”, “మిట్టవాదం నశించాలి” అని అరిచింది. ఎడంగా వస్తున్న కుందేళ్లకు సగమే వినబడి, “నశించాలి” అన్నచోట “వర్ధిల్లాలి” అన్నాయి. అయినా ఊపు తగ్గలేదు.

భల్లూకరాయుడు బయటికొచ్చాడు. బుగ్గ నిండా ఏదో ఉంది. నమిలి, మింగి, అప్పుడు నమస్కారం పెట్టాడు.

“ఏం తల్లీ, ఇంత తడిలో వచ్చావు?”

“తడి ఉందని ఒప్పుకుంటున్నారన్నమాట. మాటిచ్చారు. నీళ్లు గడప దాటాయి. రండి, తాగండి.”

“తాగనని ఎవరన్నారు? అయితే ముందు అవి వరద నీళ్లని ఇంజనీరు గారు తేల్చాలి. మామూలు నీళ్లయితే ఎవరింట్లోవి వాళ్లే తాగాలి. ఒకరింటి నీళ్లు ఇంకొకరు తాగడం మర్యాద కాదు.”

కుందేళ్లు చప్పట్లు కొట్టాయి. సభ అనగానే కొట్టడం వాటికి అలవాటు.

జ్వాల మిట్ట దిగి తాబేళ్ల సంఘం దగ్గరికి వెళ్లింది. సంఘం పెద్ద డిప్పల అప్పన్న తీరిగ్గా ఆకు నములుతున్నాడు.

“అన్నా, బల్లకట్టు కట్టండి. గట్టు మునిగిపోతోంది.”

“మూడో కేక పడలేదు కదమ్మా.”

“కళ్లకు కనబడటం లేదా నీళ్లు?”

“నీళ్లలో పుట్టినోణ్ని, నాకు నీళ్లు ఎప్పుడూ కనబడుతూనే ఉంటాయి. వినబడాల్సింది కేక. మా సంఘం రెండిటికే కదులుద్ది. మూడో కేకకీ, పెళ్లికీ. ఈ రెండూ కాని దేనికి కదిలినా సంఘంలోంచి నన్ను తీసేస్తారు.”

“మీరు వ్యవస్థకు తొత్తులు.”

“అవునమ్మా,” అన్నాడు అప్పన్న, తల డిప్పలోకి లాక్కుంటూ. “డిప్పకు కూడా.”

జ్వాల ఇంటికొచ్చి జరిగిందంతా ఒళ్లు మండుతూ చెప్పింది. నీళ్లు అప్పటికి నూకాలమ్మ తొడల దాకా వచ్చాయి. ముసలామె అన్నీ వదిలేసి ఒక్క మాట పట్టుకుంది.

“పెళ్లన్నాడా?”

“అన్నాడు. అయితే ఏంటి?”

“పెళ్లికి ఎవరి అనుమతి కావాలంట?”

“ఎవరిదీ వద్దు. డప్పు మోగితే చాలు. అసలు మన పోరాటానికీ దానికీ సంబంధం ఏముంది అమ్మమ్మా?”

నూకాలమ్మ పక్క గోడ మీద తట్టింది. ఆ గోడకు అవతల పందికొక్కు పోలయ్య కాపురం. పెళ్లాం పోయి ఒంటరివాడు. తన గోడ కొరికేశాడని నూకాలమ్మ అతన్ని తిట్టని రోజు లేదు.

“పోలయ్యా, ఉన్నావా, మునిగావా?”

“మీసాల దాకా మునిగాను. మాట్లాడుతున్నాను కాబట్టి ఉన్నాను.”

“నన్ను పెళ్లి చేసుకుంటావా?”

అవతల నీటి బుడగలు గుడగుడలాడాయి.

“రోజూ తిట్టనంటే చేసుకుంటాను,” అన్నాడు పోలయ్య.

“రోజు విడిచి రోజు.”

“సరే కానీ.”

జ్వాల ముళ్లన్నీ లేచాయి. “అమ్మమ్మా, వివాహం ఒక దోపిడీ వ్యవస్థ. పైగా ఇది రాజీ. హక్కుగా రావాల్సినదాన్ని మనం దొడ్డిదారిన తెచ్చుకుంటే వాళ్లు చేసింది ఒప్పయిపోతుంది.”

“నిజమేనే. కానీ నీళ్లు నా పొట్టకు తగులుతున్నాయి. నువ్వు చెప్పేదంతా వింటాను. ఆరిన చోట కూర్చుని వింటాను.”

చెబుతూ చెబుతూ ముసలామె వణికింది. ఆ వణుకులో ముళ్లు ఒకదానికొకటి తగిలి గలగలలాడాయి. జ్వాల దగ్గర దానికి సరిపడా నినాదం లేదు. ఆమె ముళ్లు ఒక్కొక్కటే దిగాయి. వెళ్లి డప్పు తెచ్చింది.

డప్పు విని డిప్పల అప్పన్న తల బయట పెట్టాడు. “పుష్యంలో పెళ్లేంటి ముసలమ్మా? ఎవరూ ముహూర్తం పెట్టరే.”

“మాఘం దాకా నేనుండొద్దూ నాయనా?”

“పెళ్లివారు ఎందరు?”

“నా వైపు ముళ్లపందులు, కుందేళ్లు. ఆయన వైపు పందికొక్కులన్నీ. ఒకర్ని పిలిచి ఒకర్ని మానేస్తే అలుగుతారు.”

అప్పన్న మునిగిన గట్టు చూశాడు, ముసలామెను చూశాడు. “సంప్రదాయం ప్రకారం పెళ్లివారిని ఒక్కర్ని కూడా వదలకూడదు,” అని తమ వాళ్లను కేకేశాడు.

బల్లకట్టు కదిలింది. జ్వాలకు పెళ్లిపాటలు రావు. వచ్చినవే పాడింది. “అమ్మమ్మ పెళ్లి వర్ధిల్లాలి.” ఈసారి కుందేళ్లు కూడా వర్ధిల్లాలి అని సరిగ్గా అన్నాయి. పోలయ్య తాళికి బదులు తీగతాడు కట్టబోయి ముళ్లు గుచ్చుకుని అబ్బా అన్నాడు. పందికొక్కులు అదే మంత్రం అనుకుని, అన్నీ కలిసి అబ్బా అన్నాయి. తడిసి ముద్దయిన జనం నవ్వలేక పొట్టలు పట్టుకున్నారు.

మిట్ట మీంచి భల్లూకరాయుడు చూశాడు. “ఎక్కడికర్రా అందరూ?”

“పెళ్లికండీ,” అంది జ్వాల. “వరద లేదని మీరే అన్నారుగా. అందుకే పెట్టుకున్నాం.”

కాదంటే వరద ఉందని ఒప్పుకోవాలి. ఆయన మింగలేక కక్కలేక నాలుగు ఇప్పపూలు తుంచి అక్షింతలుగా చల్లాడు.

బల్లకట్టు వెళ్తూ వస్తూ గట్టుమీద వాళ్లందరినీ దాటించింది. ఆఖరి విడతకు జ్వాల అప్పన్నతో తిరిగొచ్చేసరికి నీళ్లు మిట్ట ఎక్కేశాయి. సభ్యులు ఈదగలిగినవాళ్లు ఈది, ఎగరగలిగినవాళ్లు ఎగిరి పోయారు. గుమ్మి మునిగింది. ఇప్పపూలు నాని నాని పులిసిపోయి, మిట్ట చుట్టూ ఏరంతా సారా వాసన కొట్టింది. మధ్యలో బండ ఎక్కి నిలబడ్డ భల్లూకరాయుడు, గడ్డం దాకా వస్తున్న ఆ నీళ్లను తప్పక తాగుతూ, కొంచెం తూలుతున్నాడు.

“రాజ్యం,” అని అరిచాడు, “మూడో కేక వెయ్యవే.”

తీతువు చుట్టూ ఎగిరి చూసి వచ్చింది. “నీళ్లు గీత తాకలేదండి. చెట్టు చాలడం లేదని ఇందాకే ఇంజనీరు గారు గీత మీ వెనక నిలువుబండ మీదకు మార్చారు. మీ తలకు జానెడు పైనుంది.”

“కొక్కిరాయీ, గీత దించవయ్యా.”

“దించితే అప్పుడు పెంచింది తప్పని ఒప్పుకున్నట్టవుతుందండి,” అన్నారు ఆ గీత పక్కనే వాలి ఉన్న కొక్కిరాయి గారు. “పెంచమంటే ఇంకో జానెడు పెంచుతాను. ఈలోగా నేను పైనుంచి పరిశీలించి వస్తాను.” రెక్కలు విప్పి వెళ్లిపోయారు.

భల్లూకరాయుడు తాబేళ్ల వైపు తిరిగాడు. “అప్పన్నా, నన్ను ఎక్కించుకోవయ్యా.”

“కేక పడలేదు కదండీ. పెళ్లివారైతే చెప్పండి.”

“నేనూ పెళ్లివాణ్నే.”

“ఏ వైపు?”

ఎలుగుబంటి నోరు తెరిచాడు. నోట్లోకి నీళ్లు పోయాయి. అందరూ జ్వాల వైపు చూశారు. ప్రజాద్రోహులను ఏం చెయ్యాలో ఆమె చదివిన కరపత్రాలన్నీ ఒకే మాట చెప్పాయి. కానీ అవి రాసినవాళ్లెవరూ మునుగుతున్న మొహాన్ని ఇంత దగ్గరగా చూసి ఉండరు.

“పోలయ్య తాతకు తోటి పెళ్లికొడుకు దొరకలేదు,” అంది జ్వాల. “బాసికం కట్టుకుని, బుగ్గన చుక్క పెట్టించుకుంటానంటే రమ్మనండి.”

అలా అడవి సభ అధ్యక్షుడు, పుట్టెడు బరువుతో, నుదుట బాసికం, బుగ్గన కాటుక చుక్కతో, తాబేళ్లు మూలుగుతుంటే ఏరు దాటాడు. కొండ మీద పెళ్లివారు ఎదురొచ్చి డప్పు వాయించారు. పోలయ్య తన పక్కన చోటిచ్చాడు. చోటు చాలక పోలయ్య లేచి నిలబడ్డాడు.

మర్నాడు ఎండ కాసింది. భల్లూకరాయుడికి మత్తు దిగింది. రాయి ఎక్కి సభ తీర్చాడు. కొక్కిరాయి గారు కూడా పరిశీలన ముగించుకుని వచ్చారు.

“ప్రజలారా, సభ తలపెట్టిన పుష్యమాస కల్యాణ పథకం ఘనవిజయం సాధించింది. ఒక్క ప్రాణం పోకుండా అందర్నీ కొండకు చేర్చాం. ముందుండి నడిపించింది ఎవరో, ఈ బుగ్గ మీద చుక్కే సాక్ష్యం.”

కుందేళ్లు చప్పట్లు కొట్టాయి.

జ్వాల లేచింది. ఆమెతో పాటు ముళ్లూ లేచాయి. “మూడో కేక ఎందుకు పడలేదు?”

“ప్రమాదం ఉంటే కదా తల్లీ కేక. అందరూ క్షేమంగానే ఉన్నారుగా.”

“మా అమ్మమ్మ పెళ్లి చేసుకోకపోయి ఉంటే?”

భల్లూకరాయుడు కొక్కిరాయి గారి వైపు చూశాడు. కొక్కిరాయి గారు కాలు మార్చుకున్నారు. నూకాలమ్మ ఆరిన చోట కూర్చుని, అడగవే, అన్నట్టు తలూపింది. జనం మొట్టమొదటిసారి ఎడం లేకుండా, ముళ్లు గుచ్చుకుంటున్నా సర్దుకుని, జ్వాల పక్కకు చేరారు.

నీతి: మునిగిపోతున్నామని సభకు మొత్తుకోకండి, పెళ్లని డప్పు కొట్టండి, అధ్యక్షుడే చుక్క పెట్టుకుని వస్తాడు.

ఈ నీతిని పల్లపుగట్టు ఒప్పుకోవడం లేదు. మూడో కేకను ఎవరు, ఎందుకు ఆపారో సభ జవాబు చెప్పాలి. గడువు, మాఘ పౌర్ణమి పొద్దు వాలేదాకా.