బస్సు కింద డాక్టరు, బస్సు పక్కన అంగడి

తెల్లవారగానే బయలుదేరి, ఎండ ముదరకముందే కొండ దాటేసి, సాయంత్రానికి సముద్రం ఒడ్డుకు చేరాలన్నది పథకం. అక్కడ హెడ్మిస్ట్రెస్‌గారి చిన్ననాటి స్నేహితురాళ్ళందరూ ఏళ్ళ తర్వాత కలుసుకుంటున్నారు. "మాకు గదీ గిదీ అక్కర్లేదు, మా ఇల్లు మా వెంటే వస్తుంది" అని ఆవిడ అందరికీ ముందే ఫోన్లు చేసి చెప్పేసింది.

ఆ ఇల్లు ఒక పాత బస్సు. ఆవిడ భర్త పళ్ళ డాక్టరు. క్లినిక్ మూసేసిన మరుసటి నెలలోనే ఆ బస్సు కొన్నాడు. సీట్లన్నీ పీకించి మంచం, పొయ్యి, సింకు, బట్టల బీరువా అన్నీ కుదిరికగా అమర్చాడు. కిటికీలకు కర్టెన్లు హెడ్మిస్ట్రెస్‌గారే కుట్టింది. ఇంతవరకూ ఇద్దరికీ పేచీ లేదు. పేచీ అంతా మంచం కింద ఉన్న పనిముట్లతోనే.

"దారిలో ఏమొచ్చినా ఒకరిని దేబిరించకూడదు" అన్నది డాక్టరుగారి సిద్ధాంతం. పానా కొంటే దానికి తోడు రెంచి, రెంచికి తోడు సుత్తి, అన్నీ పెట్టడానికో పెట్టె, ఆ పెట్టెలో ఖాళీ మిగిలితే అది నిండడానికి ఇంకో పానా. చివరికి గునపాలూ, రంపాలూ కూడా వచ్చి చేరాయి.

"రెండు జాకీలెందుకండీ?" అంది హెడ్మిస్ట్రెస్‌గారు ఆ పొద్దున.

"ఒకటి పాడైతే?"

"మరి బస్సు కూడా రెండోది కొనకపోయారా?"

డాక్టరుగారు వినిపించనట్టు స్టీరింగు తుడుచుకున్నాడు.

"చూడండి, నేను చెప్పేది ఒక్కటే" అంది ఆవిడ. "ఇది మొదటి ప్రయాణం. నేను సాయంత్రానికి అక్కడ ఉండాలి. లేకపోతే రేపు నేను రైలెక్కుతాను, ఇది పాతసామాన్ల కొట్టుకెక్కుతుంది."

బస్సు బయలుదేరింది. ముందునుంచీ దానికి కాస్త ఎడమవైపుకు ఒరిగే గుణం ఉంది. స్టీరింగు కూడా అటే లాగేది. పెద్దవయసులో కాస్త ఒంగడం మామూలేనని డాక్టరుగారు సర్దిచెప్పుకున్నాడు. ఇనుమంతా ఎడమవైపు మంచం కిందే ఉందన్న సంగతి ఆయనకు తట్టనేలేదు.

కొండ ఇంకా కనుచూపు మేరలోకి రాకముందే ఎడమవైపు వెనకచక్రం ఢామ్మని పేలింది. బస్సును పక్కకు తీసి ఆపాక డాక్టరుగారి మొహం చూడాలి! పెళ్ళిపీటల మీద కూర్చున్నవాడి మొహంలా వెలిగిపోతోంది.

"ఏమోయ్, పేలింది!" అన్నాడు శుభవార్త చెప్పినట్టు.

"విన్నాను. ఊరంతా విన్నది."

"అరగంటలో మార్చేస్తాను చూడు. అన్నీ ఉన్నాయి మన దగ్గర."

అన్నీ ఉన్నాయి, నిజమే. కానీ జాకీలు అన్నిటికన్నా ముందు కొన్నవి కావడంతో అన్నిటికన్నా అడుగున ఉన్నాయి. వాటికోసం మొత్తం పెట్టెలన్నీ దింపాల్సి వచ్చింది. దింపినవాటిని మట్టిలో పడేయడానికి డాక్టరుగారికి మనసొప్పలేదు. రోడ్డు పక్కన టార్పాలిన్ పరిచి, క్లినిక్‌లో ట్రే సర్దిన అలవాటు కొద్దీ, చిన్నవి ముందు, పెద్దవి వెనక, పిడులన్నీ ఒకే వైపుకు పెట్టి వరసలు తీర్చాడు. ఎండకు అవి తళతళలాడాయి. ఆయన తృప్తిగా చూసుకుని, ఒక జాకీతో బస్సు కిందికి దూరాడు.

హెడ్మిస్ట్రెస్‌గారు ఫోను చెవికి పెట్టుకుని, టార్పాలిన్ పక్కన నిలబడి, అవతల స్నేహితురాలికి సంజాయిషీ ఇస్తోంది. అంతలో స్కూటరు మీద పోతున్న వడ్రంగి ఒకడు ఆగి, సుత్తి ఒకటి చేతిలోకి తీసుకుని తూచి చూశాడు.

"ఎంతకిస్తారమ్మా?"

ఆవిడ ఫోనులో, "ఎంతో కొంత! ముందిది ఇక్కణ్ణుంచి కదిలితే అంతే చాలు తల్లీ!" అంది.

బేరం ఇంత సులువుగా తెగడం వడ్రంగి జీవితంలో ఎరగడు. తనకు తోచినంత టార్పాలిన్ మీద పెట్టి, సుత్తి సంచిలో వేసుకుని, మళ్ళీ మనసు మార్చుకుంటారేమోనని వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు.

ఫోను పెట్టేశాక ఆవిడ చూసింది. సుత్తి ఉండాల్సిన చోట నోటు ఉంది. ఆవిడ బస్సు కిందికి ఒకసారి చూసింది, నోటువైపు ఒకసారి చూసింది. ఇంతలో ట్రాక్టరొకటి వచ్చి ఆగింది.

"ఆ పెద్ద పానా ఎంతమ్మా?"

"నువ్వెంతిస్తావు నాయనా?" అంది హెడ్మిస్ట్రెస్‌గారు.

బస్సు కింద ఉన్న డాక్టరుగారికి కాళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. ముందు రెండు చెప్పులు, ఆ వెనక బూట్లు, ఆ తర్వాత లెక్కలేనన్ని. తన పనితనం చూడటానికి జనం మూగారనుకుని ఆయన పొంగిపోయాడు. జాకీ కొడుతూనే గొంతెత్తి వివరించడం మొదలుపెట్టాడు.

"ఇది చాలా గట్టి సరుకండీ! ఒకసారి పట్టుకుందంటే వదలదు! ఇలాంటిది ఇప్పుడు మీకెక్కడా దొరకదు!"

"ఓనరుగారు కిందనుంచి గ్యారంటీ ఇస్తున్నారు" అన్నారు పైన ఎవరో. బేరాలు ఊపందుకున్నాయి. ఆయన పళ్ళ డాక్టరని ఎలా పొక్కిందో, దవడ వాచిన పెద్దాయన ఒకడు చెంప పట్టుకుని వచ్చాడు. వరసలో చివరనున్న పట్కారు సైజు చూసి, నొప్పి తగ్గిపోయిందని చెప్పి వెళ్ళిపోయాడు.

బస్సు సగం లేచింది. డాక్టరుగారు బయటికి చెయ్యి చాపాడు.

"పెద్ద పానా ఇలా ఇవ్వు."

"అది వెళ్ళిపోయిందండీ."

"ఎక్కడికి?"

"ట్రాక్టరులో."

డాక్టరుగారు పాకుతూ బయటికొచ్చాడు. టార్పాలిన్ నున్నగా ఉంది. దాని మీద గులకరాళ్ళ కింద నోట్లు మాత్రం రెపరెపలాడుతున్నాయి. తీసి పక్కన పెట్టిన జాకీ కడ్డీ కూడా లేదు. బస్సిప్పుడు పైకి లేవదు, కిందికి దిగదు. ఆయన గట్టు మీద కూలబడ్డాడు. పనిముట్లు తుడిచే గుడ్డను ఒళ్ళో పెట్టుకుని మడతలు పెట్టసాగాడు. అరిచి ఉంటే ఆవిడ తిరిగి అరిచేదే. తుడవడానికి ఏమీ మిగలని ఆ గుడ్డను చూసి మాత్రం ఆవిడ ఆగలేకపోయింది.

"లేవకండి, ఇప్పుడే వస్తాను" అని కొంగు బిగించి బయలుదేరింది.

కొన్నవాళ్ళందరూ కాస్త దూరంలోని టీకొట్టు దగ్గరే ఉన్నారు. ఎవరు ఎంత చవగ్గా కొట్టేశారో ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. ఆవిడ విసవిసా రావడం చూసి, "దొంగసొత్తురోయ్! పట్టుకోడానికొస్తున్నారు!" అని ఎవడో అరిచాడు. అందరూ తలోదిక్కుకూ పరుగు లంకించుకున్నారు.

"ఆగండి!"

జీవితమంతా స్కూలును నడిపించిన గొంతు అది. అందరూ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. గడ్డం నెరసిన ట్రాక్టరాయన చేతులు కూడా కట్టుకున్నాడు.

"ఎవరి వస్తువు వాళ్ళదే. వెనక్కి అడగను. కానీ మా బస్సు లేచేదాకా ఎవరూ ఇళ్ళకు వెళ్ళడానికి వీల్లేదు. కొన్నవి పట్టుకుని వరసగా నడవండి."

వరసగానే వచ్చారు. డాక్టరుగారు తలెత్తి చూసేసరికి తన పనిముట్లన్నీ మనుషుల చేతుల్లో నడిచొస్తున్నాయి. పానా ఇమ్మని చెయ్యి చాపితే ట్రాక్టరాయన ఇవ్వలేదు.

"నా పానా నేనే తిప్పుతానండీ. కొత్తది."

ఆ మాట అందరికీ నచ్చింది. ఎవరు కొన్నది వాళ్ళే వాడతామన్నారు. కడ్డీ కొన్నవాడు జాకీ కొట్టాడు. పానాకు తొడిగే గొట్టం కొన్నవాడు ట్రాక్టరాయనకు జత కలిశాడు. గునపం కొన్నవాడికి పని లేక అలిగితే, చక్రం మీటే పని అప్పగించారు. డాక్టరుగారు మధ్యలో నిలబడి, "పానా! కడ్డీ! ఊఁ, నెమ్మదిగా, నెమ్మదిగా!" అంటూ పెద్ద ఆపరేషన్ నడిపించాడు. తుప్పుపట్టిన నట్టు ఆఖరిది కిర్రుమని లొంగినప్పుడు జనమంతా ఈలలు వేశారు. స్టెప్నీ ఎక్కింది. బస్సు దిగింది. నిటారుగా దిగింది.

అందరూ చేతులూపుతుంటే బస్సు కదిలింది. స్టీరింగు ఎడమకు లాగడం లేదు. కొండ మీద లారీలు మూలుగుతుంటే ఈ ముసలి బస్సు వాటిని దాటుకుంటూ లేడిపిల్లలా ఎక్కింది.

"చూశావా నా రిపేరు! చక్రం మారిస్తే బస్సే మారిపోయింది" అన్నాడు డాక్టరుగారు.

హెడ్మిస్ట్రెస్‌గారు నవ్వాపుకుని కిటికీలోంచి కొండను చూసింది.

కొండ కొసాన పెద్ద కొత్త కారొకటి చెడిపోయి ఆగి ఉంది. దాని పక్కన నిలబడి చెయ్యి ఊపుతున్నావిడ హెడ్మిస్ట్రెస్‌గారి క్లాసులో ఎప్పుడూ ఫస్టు వచ్చే స్నేహితురాలు. బాగుచేసే కంపెనీవాళ్ళు రేపు గానీ రారట. డాక్టరుగారు బానెట్ ఎత్తి, నోరు తెరిపించి చూసినట్టు తొంగిచూశాడు.

"బ్యాటరీ తీగ వదులైంది, అంతే. చిన్న పానా ఉంటే ఒక్క క్షణం పని" అని, అలవాటుగా బస్సువైపు రెండడుగులు వేసి, గుర్తొచ్చి ఆగిపోయాడు.

హెడ్మిస్ట్రెస్‌గారు హ్యాండ్‌బ్యాగ్ తెరిచి ఒక చిన్న పానా తీసి ఆయన చేతిలో పెట్టింది.

రెండు బిగింపులకే కారు గుర్రుమంది. స్నేహితురాలు చప్పట్లు కొట్టింది. "మీవారు ఇంజనీరని చెప్పనేలేదే!" అంది. సముద్రం దాకా కారు బస్సు వెనకాలే, బుద్ధిగా వచ్చింది.

ఒడ్డున బస్సు ఆపి, డాక్టరుగారు జేబులోంచి ఆ చిన్న పానా తీసి చూసుకున్నాడు.

"అదొక్కటీ నాకోసం దాచావా?"

"అబ్బే, దానికి బేరం కుదరలేదు" అంది హెడ్మిస్ట్రెస్‌గారు.