పుల్లన్న లైటు, నాలుగో జ్వరం

ఆ రోజు పొద్దున పుల్లన్న వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగడం, పట్టుపురుగుల షెడ్డులో ఓసారి తట్టలన్నీ చూసుకోవడం, ఆ తర్వాత నిద్రపోవడం. మొదటి రెండూ ఆయన చేతిలో పనులే. మూడోదే కొన్నాళ్లుగా ఆయన మాట వినడం లేదు.

తప్పు లైటుది. ఆ సంగతి చిలమత్తూరు దగ్గరున్న ఆ పల్లెలో అందరికీ తెలుసు, పుల్లన్నకు తప్ప. బెంగళూరు వెళ్లినప్పుడు ఒక దుకాణంలో మెలికలు తిరిగిన పెద్ద సీఎఫ్ఎల్ బల్బు చూసి ముచ్చటపడ్డాడు. నీలం కలిసిన తెల్లని వెలుగు. "ఇది పెడితే పగలేదో రాత్రేదో తెలీదు సార్" అన్నాడు దుకాణంవాడు. అది పొగడ్త అనుకున్నాడు పుల్లన్న. తెచ్చి షెడ్డులో, తన మంచానికి సరిగ్గా పైన బిగించాడు. పురుగులున్నన్నాళ్లు ఆయన పడక అక్కడే. చీమలు పట్టకుండా, బల్లులు ఎక్కకుండా చూసుకోవాలని రాత్రంతా లైటు ఆర్పేవాడు కాదు. ఊళ్లోవాళ్లు సాయంత్రాలు వచ్చి ఆ వెలుగును మెచ్చుకొని, ఇళ్లకు పోయి హాయిగా నిద్రపోయేవారు.

నిద్ర పట్టకపోవడానికి పుల్లన్న అనుమానించని వస్తువు లేదు. మంచం తూర్పుకు తిప్పాడు. దిండు మార్చాడు. సాయంత్రం కాఫీ మానేశాడు. చివరికి పక్కింటి ఓబుళేసు కుక్కను అనుమానించి, దాన్ని వాకిట్లో నిలబడి తిట్టాడు.

"ఏమయ్యా, ఆ లైటు ఆర్పి పడుకో. నిద్ర అదే వస్తాది" అని భార్య సుబ్బలక్ష్మమ్మ రోజూ చెప్పేది.

"లైటుకూ నిద్రకూ ఏం సంబంధమే? కండ్లు మూసుకుంటే అంతా చీకటే కదా!"

"మూసుకున్నావా మరి?"

"మూత పడితే కదా మూసుకునేది!"

వినేవాళ్లకు నవ్వులాటే గానీ విషయం చిన్నది కాదు. కిందటేడు బోరు ఎండిపోయి మల్బరీ తోట మాడిపోయింది. ఈసారి నీళ్లు పడ్డాయి, ఆకు వచ్చింది, పురుగులు కళకళలాడుతున్నాయి. మిగిలింది చివరి వారం. ఆ వారమంతా పురుగులు రాత్రింబవళ్లు మేస్తూనే ఉంటాయి, మనిషి రాత్రింబవళ్లు ఆకు వేస్తూనే ఉండాలి. పుల్లన్న అప్పటికే నిలబడి కునికిపాట్లు పడుతున్నాడు. నిన్న సాయంత్రం మల్బరీ ఆకును ఆవు ముందు పోసి, ఆవు మేసే గడ్డిని పురుగుల తట్టలో వేయబోయాడు. సుబ్బలక్ష్మమ్మ చెయ్యి పట్టుకోబట్టి సరిపోయింది. ఈయనకు ఒక్క మంచి నిద్ర దొరక్కపోతే ఈ పంట కూడా చేతికి రాదని ఆమెకు గుండెల్లో దిగులు పట్టుకుంది.

ఇక్కడ పురుగుల గురించి ఒక్క మాట చెప్పాలి. పట్టుపురుగు గూడు కట్టేలోపు నాలుగుసార్లు పాత తోలు విడుస్తుంది. అప్పుడు ఆకు ముట్టదు. తల పైకెత్తి, కదలక మెదలక ఉండిపోతుంది. వాటిని పెంచేవాళ్లు దాన్ని జ్వరం అంటారు. ఆ రోజు నాలుగో జ్వరం. తట్టల మీద సున్నం చల్లి వదిలేయడమే తప్ప మేత వేసే పని లేదు. పైగా లైను రిపేరని పొద్దున్నే కరెంటు తీసేశారు. కిటికీలకు గోనెపట్టలు కట్టి ఉండడంతో షెడ్డులో చిమ్మచీకటి. పుల్లన్న ఊరికే మంచం మీద వాలాడు. వాలినవాడు వాలినట్టే గురక మొదలుపెట్టాడు.

సుబ్బలక్ష్మమ్మ దేవుడికి దండం పెట్టుకుంటుండగానే ఇంట్లో ఫోను మోగింది. అనంతపురం నుంచి వియ్యపురాలు వనజాక్షి, ఊరికే పలకరిద్దామని చేసింది.

"వదినా, అన్న బాగుండాడా?"

"ఏం బాగు వదినా! రాత్రిళ్లు కంటిమీద కునుకు లేదు. మనిషి పీక్కపోయినాడు." షెడ్డులో మనిషి ఎక్కడ లేస్తాడోనని సుబ్బలక్ష్మమ్మ గొంతు బాగా తగ్గించింది. ఆ గుసగుస అవతలికి ఏడుపులా వినిపించింది.

"అయ్యో! ఏమైంది?"

"అదొకటా? దానికి తోడు నాలుగో జ్వరం."

"నాలుగోదా!"

"మూడూ బాగనే దాటినాయి. ఇదే గట్టిది. తినేది లేదు, తాగేది లేదు. తల పైకెత్తుకోని కదలకుండా ఉండేదే."

"మందేమన్నా ఇచ్చినారా?"

"మందెందుకు? పైన సున్నం చల్లినాం."

వనజాక్షి గోడ పట్టుకుంది.

"తోలంతా ఊడి పడితే గండం గడిచినట్టే వదినా. ఆ పైన వారం దినాల్లో ఎక్కించేస్తాం."

సుబ్బలక్ష్మమ్మ చెప్పింది చంద్రిక మీదికి, అంటే పురుగులు గూడు కట్టే వెదురు తడిక మీదికి. వనజాక్షికి తెలిసినంతలో మనిషిని ఎక్కించేది పాడె ఒక్కటే. ఆమెకు నోట మాట రాలేదు. లైను తెగిందనుకున్న సుబ్బలక్ష్మమ్మ, మళ్లీ మోగి ఆయన్ను లేపుతుందేమోనని ఫోను రిసీవరు తీసి పక్కన పెట్టేసింది.

వనజాక్షి వెంటనే కొడుకు అభిలాష్‌ను దుకాణం మూసి రమ్మంది. అనంతపురంలోనే ఆస్పత్రి నడుపుతున్న తమ్ముడు డాక్టర్ రవికుమార్‌ను బయల్దేరదీసింది. కోడలు పద్మప్రియను బడిలో పాఠం చెప్తుంటే మధ్యలోంచి పిలిపించింది.

"పద్మకు మాత్రం వివరాలేమీ చెప్పొద్దండి. నాయనకు బాగలేదంటే చాలు. నాలుగో జ్వరమని తెలిస్తే పిల్ల తట్టుకోలేదు" అంది కొడుకుతో, తమ్ముడితో.

ఆ రెండు ముక్కలూ చెప్పి ఉంటే, పురుగుల మధ్య పుట్టి పెరిగిన పద్మప్రియ నవ్వి మళ్లీ తరగతిలోకి పోయేది. చెప్పలేదు కాబట్టి కారులో పెనుకొండ దాకా వెక్కి వెక్కి ఏడ్చింది. పుట్టింటికి ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎంగేజే.

"అందరికీ కబురు చెప్తాండారేమో" అన్నాడు అభిలాష్, తెలివిగా. పద్మప్రియ హిందూపురం రోడ్డు దాకా ఇంకాస్త గట్టిగా ఏడ్చింది.

పుల్లన్న ఊళ్లో కారు ఆగేసరికి ఓబుళేసు అరుగు మీదున్నాడు. డాక్టరు పెట్టె, ఏడుస్తున్న కూతురు కనబడ్డారు. "ఏమమ్మా?" అన్నాడు. "అన్న..." అంది వనజాక్షి. మిగతాది ఓబుళేసు పూరించుకున్నాడు. వాళ్లు షెడ్డు చేరేలోపు సగం వీధి వెనకాల వచ్చింది.

లోపల చీకటి. సున్నం వాసన. మంచం మీద పుల్లన్న వెల్లకిలా పడుకొని ఉన్నాడు. ఈగలకని మొహం మీద తెల్ల పంచె కప్పుకున్నాడు, పాదాలకు సున్నం అంటుకొని ఉంది. అంతసేపూ మోగిన గురక సరిగ్గా అప్పుడే ఆగింది.

"నాయనా!" అని పద్మప్రియ మంచం కాళ్ల దగ్గర కూలబడింది.

ఓబుళేసు భుజం మీది తువ్వాలు చేతిలోకి తీసుకున్నాడు. "ఎంత మంచి మనిషప్పా! మా కుక్కను ఎన్ని తిట్టినా, నన్ను ఒక్క మాట అన్లేదు."

డాక్టరు నాడి చూద్దామని చెయ్యి పట్టుకున్నాడు. ఆ చెయ్యి తిరిగి ఆయన్నే పట్టుకుంది.

"ఎవురప్పా అది? ఏడ్చేదుంటే బయటికి పోయి ఏడ్వండి. ఈడ పురుగులు జ్వరంలో ఉండాయి!"

పద్మప్రియ ఏడుపు ఠక్కున ఆపేసింది. తట్టల వైపు చూసింది, అత్తగారి వైపు చూసింది.

"అత్తా, అమ్మ మీతో ఎన్నో జ్వరం అనింది?"

"నాలుగోదే, పాపం."

పద్మప్రియ కొంగు నోటికడ్డం పెట్టుకొని, కాసేపటికి కొంగు కూడా చాలక, పడీ పడీ నవ్వింది. వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చిన సుబ్బలక్ష్మమ్మ సంగతి తెలిసి తలుపు చాటుకు పోయింది. వీధంతా నవ్వింది. పుల్లన్న మాత్రం నవ్వలేదు.

"ఇన్నాళ్లకు పట్టిన నిద్రప్పా" అన్నాడు. ఆ ఒక్క మాటకు అందరికీ జాలేసింది, నవ్వులు ఆగిపోయాయి.

డాక్టరు బీపీ చూశాడు. "జ్వరం లేదు గానీ అన్నా, బీపీ బాగా ఎక్కువుండాది. నిద్ర లేకపోతే ఇట్లే అయితాది. ఎందుకు పట్టడం లేదు?"

జవాబు కరెంటే చెప్పింది. అదే క్షణాన లైటు భగ్గున వెలగడంతో అందరూ కళ్లకు చేతులు అడ్డం పెట్టుకున్నారు.

"ఇది రాత్రంతా నెత్తిమీద వెలిగిస్తాండావా? ఇంత నీలం వెలుగు కంట్లో పడితే, ఇంకా పొద్దు గూకలేదు అనుకుంటాది మెదడు. నిద్ర తెచ్చే రసం ఊరనే ఊరదు. రోజూ ఇట్లే సాగితే బీపీ, షుగరు అన్నీ వెంటబడతాయి. ఆర్పేసి చీకట్లో పడుకో."

పుల్లన్న చాలాసేపు తలాడించి, భార్య వైపు తిరిగాడు. "చూసినావా? చదువుకున్నోళ్లు చెప్తే ఎట్లా తెలుస్తాదో!"

సుబ్బలక్ష్మమ్మ లైటు ఆర్పేసి, అందరికీ అన్నం వండడానికి పోయింది.

ఆ రాత్రి పుల్లన్న చీకట్లో ఒళ్లెరగకుండా నిద్రపోయాడు. తెల్లారి పురుగులూ ఆయనా ఇంచుమించు ఒకేసారి లేచారు, ఇద్దరికీ విపరీతమైన ఆకలి. ఆ వారమంతా ఆయన తట్టల మధ్య కుర్రాడిలా తిరిగాడు. గూళ్లు గట్టిగా, తెల్లగా వచ్చాయి. హిందూపురం మార్కెట్లో వాటిని చేతిలో ఊపి చూసిన కొనుగోలుదారు బేరమాడకుండా మంచి ధర కట్టాడు.

లైటును మాత్రం ఆ రోజే డాక్టరు అడిగి తీసుకెళ్లి, తన ఆస్పత్రి వార్డులో రాత్రి డ్యూటీ చేసే కాంపౌండరు కుర్చీకి పైన పెట్టించాడు. కాంపౌండరు కునుకు తీశాడన్న ఫిర్యాదు ఆ తర్వాత ఒక్కటీ రాలేదు. రోగులు కునుకు తీసినట్టు కూడా ఎవరూ చూడలేదు.