మా బావ కెరీర్ పండిన విధం

రైతుల మీద వచ్చే స్ఫూర్తి వీడియోలను ఎవరైనా వెక్కిరిస్తే నేను ఊరుకోను. అవే లేకపోతే వ్యవసాయం ఏనాడో మూలపడేది! పంటకు నీళ్లు కావాలి, ఎరువు కావాలి అంటుంటారు. అదంతా పాతకాలం మాట. ఇప్పుడు పంటకు కావలసింది కెరీర్ జర్నీ. అది కాస్త గట్టిగా పడిందంటే నేల సంగతి నేలే చూసుకుంటుంది.

గాలివాటంగా చెబుతున్నానని అనుకోకండి. మా అక్కాబావల తోటలో కళ్లారా చూశాను.

వాళ్లది టమాటా తోట. ఊరి చివర గోడౌన్లు దాటగానే కనిపిస్తుంది. నేల మా నాన్న ఇచ్చింది. చదువు అయిపోగానే అక్క నాన్నతోపాటు అందులోకి దిగింది. నారు పోయడం, కర్రలు పాతి మొక్కలను పురికొసతో కట్టడం, కాయలను సైజువారీగా ఏరి క్రేట్లకెత్తడం, అన్నీ ఆమె చేతిమీదే నడిచేవి.

బావ తర్వాత వచ్చాడు. అంతకుముందు ఆయన ఒక కాల్ సెంటర్లో పనిచేసేవాడు. ఒకరోజు ఎవరో కస్టమర్ తన గోడంతా వెళ్లబోసుకుని జవాబు కోసం ఆగితే, ఇటువైపు నుంచి గురక వినిపించిందట. కంపెనీవాళ్లు ఆ నిద్ర చెడగొట్టడం ఇష్టంలేక ఆయనను ఇంటికే పంపించేశారు. పెళ్లయ్యాక ఇంట్లో ఊరికే కూర్చోలేక బావ కూడా అక్కతో తోటకు రావడం మొదలుపెట్టాడు. పని నేర్చుకున్నాడు. నిజం చెప్పొద్దూ, మంచి పనిమంతుడే అయ్యాడు. అలా ఏళ్లు గడిచాయి. వాళ్లనెవరూ పట్టించుకోలేదు. అందువల్ల తోట బాగుండేది.

అలాంటి చీకటి రోజుల్లో వీడియోవాళ్లు వచ్చారు.

మైకు పట్టుకున్న యాంకరమ్మకు ముందుగా అక్కే ఎదురైంది. "మేడమ్, మీ జర్నీ చెప్పండి" అని అడిగింది.

అక్క కాసేపు ఆలోచించింది. "ఇంటి నుంచి తోటకండీ. సాయంత్రం మళ్లీ తోట నుంచి ఇంటికి."

యాంకరమ్మ ముఖం వాడిపోయింది. దీనికోసం మీరు ఏం వదులుకుని వచ్చారని ఇంకోరకంగా అడిగి చూసింది. వదలడానికి ఏముందమ్మా, నేను మొదట్నుంచీ ఇక్కడే ఉన్నాను కదా అంది అక్క.

ఇందులో తప్పు ముమ్మాటికీ అక్కదే. మొదట్నుంచీ ఉన్న మనిషిని చూస్తే ఎవరికైనా స్ఫూర్తి ఎలా కలుగుతుంది? బస్సు దిగినవాళ్లకు పూలగుత్తి ఇస్తారు గానీ, స్టాండులో టిక్కెట్లు కొట్టేవాళ్లకు ఎవరిస్తారు?

అంతలో బావ కాల్ సెంటర్ మాట ఎత్తాడు. అంతే, కెమెరా మొత్తం అటు తిరిగింది! గురక సంగతి కూడా బావ దాచుకోకుండా చెప్పాడు. నిడివి ఎక్కువైందని వాళ్లే అది తీసేశారు. తోటలో మట్టి నిండా ఉన్నా రంగు సరిగ్గా పడటం లేదని, కెమెరా అబ్బాయి ఎక్కడి నుంచో ఎర్రమట్టి తెచ్చి బావ బుగ్గలకు రాశాడు. వారం తిరక్కుండానే వీడియో బయటికొచ్చింది. పేరు, 'ఏసీ గదిని కాలదన్ని మట్టిని వరించిన మగధీరుడు'. అందులో అక్క కూడా ఉంది. క్రేటు ఎత్తుకుని వెళ్తుంటే వీపు కనిపిస్తుంది. కింద 'కుటుంబ సహకారం' అని అక్షరాలు పడతాయి.

ఆ తర్వాత మా బావ కెరీర్ కాసిన కాపు ఇంతా అంతా కాదు. కాలేజీలు పిలిచాయి. క్లబ్బులు పిలిచాయి. 'మట్టి మాట వినండి' అని ఆయన ప్రసంగం. ఒకచోట విన్నవాళ్లు ఇంకోచోట చెప్పడం, వాళ్లు కారు పంపడం, బావ ఎక్కి వెళ్లడం. మట్టి మాట అందరికీ వినిపించే పనిలో పడి ఆయనకు సొంత మట్టి దగ్గరికి వెళ్లే తీరిక లేకపోయింది. ఏ వృత్తిలోనైనా ఎదుగుదల అంటే అదే కదా! వంటవాడు పెద్దవాడయ్యాక గరిటె పట్టుకుంటాడా?

సెలవురోజుల్లో అభిమానులు తోటకు వచ్చేవాళ్లు. డ్రిప్పు గొట్టాల మీద నిలబడి సెల్ఫీలు దిగేవాళ్లు. సార్ ఎక్కడున్నారని అక్కనే అడిగేవాళ్లు. ఒకావిడ జాలిపడి, ఎన్నాళ్లనుంచి ఇక్కడ పనిచేస్తున్నావమ్మా అని కూడా అడిగిందట. చాన్నాళ్లుగా అండీ అని చెప్పి, అక్క ఆవిడకు తాగడానికి మంచినీళ్లు ఇచ్చింది.

ఇలా అంతా శుభంగా జరుగుతుండగా ముసురు పట్టింది. ఆకుల మీద నల్లమచ్చలు కనిపించాయి. అది ఆకుమాడు తెగులు. తడి ఆరకపోతే తోటంతా అంటుకుంటుంది. అక్క బావకు ఫోన్ చేసింది. ఆయన ఫోన్ ఆపేసి ఉంది. వేదిక మీద ఉన్న మనిషి ఫోన్ ఎందుకు ఆన్‌లో పెట్టుకుంటాడు? అది సభామర్యాద కాదు.

అప్పటికి మా మేనకోడలు వ్యవసాయ కాలేజీలో పరీక్షలు ముగించుకుని ఇంటికొచ్చింది. తల్లీకూతుళ్లిద్దరూ వాన తెరిపిచ్చినప్పుడల్లా మందు కొట్టారు. తెగులు పట్టిన మొక్కలను పీకి దూరంగా పారేశారు. అయినా సగం తోట పోయింది. కాయ పండుబారే సమయం అది. అన్నీ అయ్యాక అక్క గట్టు మీద కూర్చుని ఏడ్చిందని మేనకోడలు చెప్పింది. నాకు ఊహ తెలిశాక మా అక్క ఏడవడం నేను చూడలేదు.

బావ వచ్చాడు. మాడిన వరసల మధ్య నిలబడిపోయాడు. తర్వాత అక్క పక్కనే గట్టు మీద చతికిలబడ్డాడు. ఆ బాధ నిజమైనదే, నేను వంక పెట్టను.

కానీ గొప్పవాళ్ల బాధ ఊరికే పోదు. ఆయన ప్రసంగంలో అంతవరకూ ఒక లోటు ఉండేది. విజయం ఉంది, త్యాగం ఉంది, వైఫల్యం లేదు. ఇప్పుడు అదీ సమకూరింది! తర్వాతి సభలో 'ఆ తెగులు నాకు నేర్పిన పాఠాలు' అని బావ గొంతు వణికించి చెబుతుంటే జనం లేచి నిలబడ్డారు. పండిన తోటకు కూడా అన్ని చప్పట్లు పడలేదు. తెగులు వల్ల ఇంత లాభం ఉందని కాలేజీల్లో ఎందుకు చెప్పరో తెలియదు.

మా మేనకోడలి విషయంలోనే కాస్త తేడా వచ్చింది. ఒకరోజు అందరం భోజనాల దగ్గర ఉండగా, తాను ఇక తోట చూసుకుంటానని ఆ పిల్ల తేల్చిచెప్పింది. బావ ఉలిక్కిపడ్డాడు. వద్దనలేదు. వ్యవసాయం వద్దని ఆయన ఎలా అంటాడు? ఎంతో అనుభవంతో సలహా ఇచ్చాడు.

"ముందు సిటీలో మంచి ఉద్యోగం చూసుకో తల్లీ. కొన్నాళ్లు చెయ్యి. తర్వాత మానేసి రా. అప్పుడు నీకో విలువుంటుంది. ఇలా నేరుగా తోటలోకి దిగితే ఏముంది, వట్టి రైతువి అవుతావు."

"అమ్మలాగానా, నాన్నా?" అంది పిల్ల.

బావ కంచంలోకి చూశాడు. నేను మజ్జిగ గ్లాసులోకి చూశాను. అక్క మాత్రం కూతురివైపు చూసి, "పొద్దున్నే నారు నాటాలి. త్వరగా తిని పడుకో" అంది.

ఆ పిల్ల తోటలోకి దిగింది. పోయిన సగంలో కొత్త మొక్కలు పెట్టింది. మార్కెట్టును నమ్ముకోకుండా ఊళ్లోని హోటళ్లకు తిరిగి, వంటమేస్త్రీలతో మాట్లాడి, సరుకు నేరుగా వాళ్లకే వేయడం మొదలుపెట్టింది. అక్క ముఖంలో మళ్లీ కళ వచ్చింది. ఇంత చేసినా ఆ పిల్ల దగ్గర చెప్పుకోవడానికి ఒక రాజీనామా కూడా లేదు. తలుచుకుంటే నాకు దిగులేస్తుంది.

మొన్న ఒక పెద్ద హోటల్లో బావకు సన్మానం జరిగింది. నేనూ వెళ్లాను. యువత పల్లెబాట పట్టాలని బావ అద్భుతంగా మాట్లాడాడు. చివర్లో ముందువరసలోని ఒక పెద్దమనిషి, మీ అమ్మాయి ఏం చేస్తున్నారు సార్ అని అడిగాడు.

బావ ఒక్క క్షణం తడబడ్డాడు. "ప్రస్తుతానికి ఖాళీగానే ఉందండీ. ఇంకా ఏమీ అనుకోలేదు" అన్నాడు.

పర్వాలేదు సార్, ఇంకా వయసుంది, ఏదో ఒకటి దొరక్కపోదు అని ఆ పెద్దమనిషి ఓదార్చాడు.

నాకెందుకో ఉక్కపోసినట్టయి బయటికొచ్చాను. హోటల్ వెనకవైపు వంటింటి తలుపు దగ్గర వ్యాను ఆగి ఉంది. మా మేనకోడలు అందులోంచి టమాటా క్రేట్లు దింపుతోంది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. "మామయ్యా, ఆ చివర పట్టుకో" అంది.

పట్టుకున్నాను. ఇద్దరం లోపలికి మోస్తున్నాం. అటు హాల్లో చప్పట్లు మోగుతున్నాయి. చేతులు ఖాళీ లేక నేను కొట్టలేకపోయాను.